ఫ్రీజర్ వెనక ఐసు గోడ కట్టిందా? కరిగించే ముందు మీటరు పెట్టండి

పైన ఫ్రీజర్లో ఐసు బాగానే ఉంటుంది, కింద అరలో పెట్టిన పాలు మాత్రం తెల్లారేసరికి విరిగిపోతాయి. ఫ్రీజర్ వెనక పలక మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. లోపల ఫ్యాను దేనికో తగులుతున్నట్టు గరగరమంటుంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఇవన్నీ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది డీఫ్రాస్ట్‌నే, అంటే లోపలి మంచుని దానంతటదే కరిగించే ఏర్పాటునే.

అప్పుడు ఎక్కువమంది చేసేది ఒకటే. రాత్రికి స్విచ్ ఆపి, తలుపులు తెరిచి, కింద పాత చీర పరిచి వదిలేస్తారు. పొద్దున ఆన్ చేస్తే బ్రహ్మాండంగా చల్లబడుతుంది. వారం పది రోజులకు కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఐసు కరిగించడం రిపేరు కాదు. పైగా ఏ పార్టు పోయిందో చెప్పే ఆధారం కూడా ఆ ఐసుతో పాటే నీళ్ళయిపోతుంది. అందుకే ఈ పనిలో వరస ముఖ్యం: ముందు కొలవాలి, తర్వాత తెరిచి చూడాలి, ఆ తర్వాతే కరిగించాలి.

ఒక్క తలుపు ఫ్రిజ్‌ల సంగతి వేరు. వాటిలో సాధారణంగా డీఫ్రాస్ట్ హీటరు ఉండదు. నాబ్ మధ్యలో బొత్తాం నొక్కితే కంప్రెసర్ ఆగి ఐసు దానంతటదే కరుగుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఫ్రాస్ట్ ఫ్రీ వాటికే.

లోపల ఏం జరుగుతుంది

ఫ్రీజర్ వెనక పలక తీస్తే అల్యూమినియం రేకుల కాయిల్, దాని పైన ఫ్యాను కనిపిస్తాయి. కాయిల్ మీదుగా వచ్చే చల్లగాలిని ఫ్యాను ఫ్రీజర్లోకి తోస్తుంది, కొంత గాలి సందుల గుండా కింది అరకు దిగుతుంది. గాలిలోని తేమ కాయిల్ మీద మంచుగా అంటుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు వదిలించడానికి, మోడల్‌ని బట్టి కంప్రెసర్ 6 నుంచి 12 గంటలు నడిచాక టైమరు (కొత్త మోడళ్ళలో బోర్డు) కంప్రెసర్‌ని ఆపి కాయిల్ కింద ఉన్న హీటరుకు కరెంటు ఇస్తుంది. ఇరవై నిమిషాలు అటూ ఇటూగా మంచంతా కరిగి, నీళ్ళు డ్రెయిన్ గొట్టం గుండా కంప్రెసర్ మీది ట్రేలోకి పోయి, ఆ వేడికి ఆవిరైపోతాయి.

కాయిల్ వేడెక్కి సుమారు 10 నుంచి 13 డిగ్రీలకు రాగానే హీటరుని ఆపేది బైమెటల్ అనే చిన్న స్విచ్. అది ఆపకుండా అతుక్కుపోతే, 70 డిగ్రీలు దాటాక కాలిపోయి హీటరుకు కరెంటు తెంచేది థర్మల్ ఫ్యూజు. అంటే టైమరు, హీటరు, బైమెటల్, ఫ్యూజు ఒకే వరసలో ఉన్న నాలుగు గొలుసు కొక్కేలు. ఏ ఒక్కటి తెగినా హీటరు వెలగదు. రేకుల మధ్య సందులు ఐసుతో మూసుకుపోయి గాలి ఆడదు, దెబ్బ మొదట కింది అరకే తగులుతుంది.

డీఫ్రాస్ట్ ఆగిన ఎన్నాళ్ళకు ఐసు కడుతుందనేది ఊరిని బట్టి మారుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో గాలిలోనే నీళ్ళుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు నెల్లూరు అంతటా అదే పరిస్థితి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తేమంతా కాయిల్ మీదికే చేరుతుంది. సముద్రానికి దూరంగా కనిగిరి, పొదిలి వైపు పొడి ఎండకు అదే లోపమున్న ఫ్రిజ్ ఇంకొన్ని రోజులు నెట్టుకొస్తుంది. అక్కడి ఫ్రిజ్‌లకు ఐసు కంటే వెనక జాలీలో పేరుకునే దుమ్ముతోనే తంటా ఎక్కువ.

మొదలుపెట్టే ముందు

ప్లగ్ పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే కొన్ని పాత ఇళ్ళలో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటుంది. ఇన్వర్టర్ మోడల్ అయితే ప్లగ్ పీకాక పావుగంట ఆగండి, బోర్డు మీద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

కంప్రెసర్ మీదో లోపలి గోడ మీదో ఉన్న స్టిక్కర్ చదవండి. ఆర్600ఏ అని, పక్కన మంట గుర్తు ఉంటే అందులో ఉన్నది ఐసోబ్యూటేన్, అంటే వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. కాయిల్ గొట్టం పలచని అల్యూమినియం. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో ఐసు పొడిచి గొట్టానికి చిల్లు పెడితే, వందల రూపాయల పని కాస్తా వేలల్లోకి పోతుంది, మండే గ్యాసు గదిలోకి వస్తుంది. కొవ్వొత్తి, గ్యాస్ టార్చి వంటివి ఆ దరిదాపులకు తేవద్దు.

చేతిలో ఉండాల్సినవి: నక్షత్రం స్క్రూడ్రైవర్, మామూలు డిజిటల్ మల్టీమీటర్, కట్టర్, వేడికి ముడుచుకునే స్లీవ్ కొద్దిగా, వైర్లు నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్లు, పాత తువాళ్ళు, సూది తీసేసిన 50 మిల్లీలీటర్ల సిరంజి. వారంటీలో ఉన్న ఫ్రిజ్ అయితే విప్పకండి, కంపెనీ వాళ్ళనే పిలవండి.

ఐసు ఉండగానే ఒక్క పరీక్ష

బైమెటల్ గది వేడిలో తెరుచుకుని ఉంటుంది, చాలా రకాలు మైనస్ 7 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడ్డాకే కలుస్తాయి. ఐసు కరిగించేశాక మీటరు పెడితే మంచి బైమెటల్ కూడా తెగినట్టే చూపిస్తుంది. అందుకే కాయిల్ గడ్డకట్టి ఉండగా, ప్లగ్ పీకిన పది నిమిషాల్లోపే ఈ పరీక్ష ముగించాలి.

టైమరు ఉన్న మోడల్లో అది ఫ్రిజ్ వెనక కింద కంప్రెసర్ పక్కనో, కింది అర పైభాగంలో నాబ్, లైటు ఉండే డబ్బాలోనో ఉంటుంది. అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా, నాలుగు వైర్లు, మధ్యలో గాడి ఉన్న ఇరుసు. మీటరు అవసరం లేని పరీక్ష ముందు చెయ్యండి. ప్లగ్ తీసే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో ఆ ఇరుసుని సవ్యదిశలో మాత్రమే (వెనక్కి తిప్పితే లోపలి పళ్ళు విరుగుతాయి) మెల్లగా తిప్పండి. ఒకచోట టక్కుమంటుంది. అక్కడ ఆపి ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ స్టార్ట్ కాకూడదు. అయిదు పది నిమిషాల్లో ఫ్రీజర్ వెనక నుంచి వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్‌మనే చప్పుడు, కాసేపటికి వెనక ట్రేలో నీటి చుక్కలు వస్తే హీటరు, బైమెటల్, ఫ్యూజు మూడూ బాగున్నట్టే. టైమరు మోటారే తిరగడం లేదు. అది మారిస్తే పని అయిపోయింది.

కంప్రెసర్ ఆగి ఉన్నా లోపల ఏ చప్పుడూ లేకపోతే మీటరు తియ్యండి. ప్లగ్ పీకి, టైమరు నుంచి కనెక్టర్ ఊడదీసి, టైమరు మీది బొమ్మలో హీటరుకు వెళ్ళే వైరు ఏదో చూడండి. నంబర్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి బొమ్మనే నమ్మండి. ఫ్రిజ్ తలుపులు మూసి, ఆ వైరుకూ ప్లగ్‌లోని న్యూట్రల్ పిన్నుకూ మధ్య ఓములు కొలవండి.

ఎంత రావాలో లెక్క తేలికే. 230ని 230తో గుణించి వాట్లతో భాగించాలి. 120 వాట్ల హీటరుకు సుమారు 440 ఓములు, 150కి 350, 180కి 295, 200కి 265. డ్రెయిన్ దగ్గర ఇంకో చిన్న హీటరు ఉంటే కాస్త తగ్గుతుంది. ఈ లెక్కకు దగ్గరగా వస్తే లైను మొత్తం బాగుంది, తప్పు టైమరుదే. మీటరు ఏమీ చూపకపోతే మిగతా మూడింట్లో ఒకటి తెగింది.

అదే చోట ఇంకో కొలత కూడా తీసుకోండి: హీటరు వైరుకూ ప్లగ్‌లోని ఎర్త్ పిన్నుకూ మధ్య. ఏ రీడింగూ రాకూడదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) రోజుకు రెండు మూడుసార్లు, కారణం లేకుండా, దాదాపు ఒకే ఎడంతో పడిపోతుంటే చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. తడి ఎక్కిన హీటరు డీఫ్రాస్ట్ వచ్చినప్పుడల్లా ఎర్త్‌కి లీకు చేస్తుంది. మామూలు మీటరుకు చిక్కని లీకు మెగ్గర్‌కు, అంటే ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరుకు చిక్కుతుంది. ఆ పరీక్ష ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

బోర్డు ఉన్న మోడల్లో టైమరు ఉండదు. ఫ్రిజ్ వెనక మూత తీసి, పావుగంట ఆగిన తర్వాతే, బోర్డు నుంచి హీటరుకు వెళ్ళే జత వైర్ల కనెక్టర్ ఊడదీసి అక్కడే కొలవండి. ఈ మోడళ్ళలో చాలావాటికి బైమెటల్ బదులు కాయిల్ చల్లదనాన్ని బోర్డుకు చెప్పే సెన్సార్ ఉంటుంది, కాబట్టి ఐసు ఉన్నా లేకున్నా హీటరు రీడింగ్ రావాలి.

పలక తియ్యడం

ఫ్రీజర్ ఖాళీ చెయ్యండి. చేపలు, రొయ్యలు ఉంటే ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెలోకి మార్చండి. నెల్లూరు, ఒంగోలు వైపు ఆ పెట్టెలకు కొరత లేదు. అరలు తీసేశాక వెనక పలకకు రెండు నుంచి నాలుగు స్క్రూలుంటాయి, ఒకటి రెండు చిన్న ప్లాస్టిక్ మూతల కింద దాక్కుని ఉంటాయి. స్క్రూలు వచ్చినా పలక రాదు, ఐసు పట్టుకుని ఉంటుంది. లాగారా, చల్లబడిన ప్లాస్టిక్ పెళుసుగా విరిగిపోతుంది. వేడి నీళ్ళ గిన్నె లోపల పెట్టి, పావుగంట తలుపు మూసి, అంచులు వదులయ్యాక పైనుంచి ముందుకు వంచండి. ఫ్యాను వైరు కనెక్టర్ విప్పి పలక బయటికి తియ్యండి.

ఇప్పుడు కరిగించే ముందు కాయిల్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మంచు ఏ ఆకారంలో కట్టిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కాయిల్ పైనుంచి కింద దాకా సమంగా తెల్లటి దిమ్మలా ఉంటే డీఫ్రాస్ట్ లోపం. ఒక మూల రెండు మూడు వరసలకే మంచు ఉండి, మిగతా కాయిల్ పొడిగా ఉంటే గ్యాసు తక్కువైంది, లేదా సన్న గొట్టంలో అడ్డు పడింది. అది ఇంట్లో చేసే పని కాదు. ‘గ్యాసు అయిపోయింది, కొట్టాలి’ అని ఎవరైనా అంటే ఈ ఫోటో చూపించండి. గ్యాసు వాడకంతో అయిపోయేది కాదు, కారితేనే తగ్గుతుంది. కాయిల్ నిండా సమంగా మంచు పట్టిన ఫ్రిజ్‌కి గ్యాసు కొట్టించుకోవడం దండగ ఖర్చు. కాయిల్ మీద మంచు పలచగానే ఉండి, కింద చల్లదనం లేకపోతే ఫ్యాను తిరగడం లేదేమో చూడండి. అడుగున మాత్రమే గాజు పలకలా ఐసు ఉండి, కూరగాయల డబ్బా కింద నీళ్ళు నిలుస్తుంటే డ్రెయిన్ మూసుకుపోయింది.

కరిగించడం

పలక తీసి ఉంది కాబట్టి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడితే మన వేసవిలో గంట, గంటన్నర చాలు. తొందరైతే వేడి నీళ్ళ గిన్నెలు మార్చుతూ ఉండండి. హెయిర్ డ్రయ్యర్ వాడేట్టయితే తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, నీళ్ళు దాని మీద పడకుండా. రేకుల లోపలి వైపు, హీటరు చుట్టూ ఉన్న ఐసు చివర్న కరుగుతుంది. పైకి శుభ్రంగా కనిపించగానే ఆపెయ్యకండి.

ఏది పోయిందో తేల్చడం

హీటరు, బైమెటల్, ఫ్యూజుల్లో ముందు బైమెటల్‌ని చూడండి. కాయిల్ పై గొట్టానికి క్లిప్పుతో పట్టి ఉండే గుండ్రటి బిళ్ళ అది. తరచూ పోయేదీ అదే. లోపలికి నీళ్ళు ఎక్కి, గడ్డకట్టి, ఉబ్బిపోతుంది. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు, మార్చెయ్యండి. బాగున్నట్టే ఉంటే కనెక్టర్ విప్పి, లేదా మార్చబోయే చోట వైరు కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు రాళ్ళ ఉప్పు కలిపిన గిన్నెలో పది నిమిషాలు పెట్టండి. ఉత్త ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి చాలదు, ఉప్పు కలిస్తేనే మైనస్ పదిహేను దాకా దిగుతుంది. అప్పుడు మీటరు సున్నాకు దగ్గరగా చూపాలి. బయటికి తీస్తే కొన్ని నిమిషాల్లో తెరుచుకోవాలి.

థర్మల్ ఫ్యూజు గది వేడిలోనే సున్నా చూపాలి, చూపకపోతే కాలిపోయింది. ఫ్యూజు కాలిందంటే బైమెటల్ అతుక్కుని ఉండొచ్చు, కాబట్టి రెండూ కలిపే మార్చండి. చాలా మోడళ్ళకు రెండూ ఒకే సెట్టుగా దొరుకుతాయి. కొంతమంది ఫ్యూజు తీసేసి వైర్లు నేరుగా కలిపేస్తారు. అది చెయ్యకూడని పని. మరోసారి బైమెటల్ అతుక్కుంటే హీటరుని ఆపేవాడు ఉండడు, ప్లాస్టిక్ కరుగుతుంది, పక్కనే మండే గ్యాసు గొట్టం.

హీటరుని రెండు కొసల మధ్య విడిగా కొలవండి. రీడింగ్ లేకపోతే తెగింది. గాజు గొట్టం రకమైతే లోపల నల్లబడి ఉండటం, పగులు కూడా కనిపిస్తాయి. కొత్త గాజు హీటరుని ఒట్టి చేత్తో ముట్టకుండా గుడ్డతో పట్టుకోండి, జిడ్డు అంటితే అక్కడ పగిలే ప్రమాదముంది. ఎక్కువ వాట్లది వేస్తే తొందరగా కరుగుతుందని వెయ్యకండి. అదే మోడల్‌ది, అదే వాట్లది కావాలి.

సెన్సార్ ఉన్న మోడల్లో గదిలో ఒకసారి, ఐసు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి ఒకసారి కొలవండి. చల్లబడే కొద్దీ ఓములు పెరగాలి. 25 డిగ్రీల దగ్గర ఉన్నదానికి సున్నా డిగ్రీల దగ్గర సుమారు మూడు రెట్లు ఉంటుంది. కదలకుండా ఉండిపోయినా, గెంతులు వేసినా సెన్సార్ పోయింది. హీటరు, ఫ్యూజు, సెన్సార్ మూడూ బాగుండి డీఫ్రాస్ట్ రాకపోతే మిగిలేది బోర్డు. మిగతా పార్టులు వందల్లో దొరికితే బోర్డు వేలల్లో ఉంటుంది. కొనే ముందు బోర్డు రిపేరు చేసే వాళ్ళకు చూపించడం మేలు. తరచూ పోయేది దాని మీద హీటరుకు కరెంటు కలిపే చిన్న స్విచ్ లాంటి రిలేనే.

పార్టు కొనడానికి నెల్లూరు వెళ్ళినా ఒంగోలు వెళ్ళినా పాతదాన్ని చేత్తో పట్టుకెళ్ళండి, మోడల్ స్టిక్కర్ ఫోటో కూడా. టైమరు అయితే గంటలు, పిన్నుల వరస, 50 హెర్ట్జ్ అని ఉండటం మూడూ సరిపోవాలి. 60 హెర్ట్జ్ టైమరు మన కరెంటు మీద నిదానంగా తిరుగుతుంది, 8 గంటలది తొమ్మిదిన్నర దాటిస్తుంది.

బిగించేటప్పుడు

బైమెటల్‌ని పాతది ఉన్న చోటే, గొట్టానికి బాగా ఆనేలా బిగించండి. ఫోటో ఇక్కడ పనికొస్తుంది. కిందికి, హీటరు దగ్గరగా పెడితే అది త్వరగా వేడెక్కి, పైన ఐసు కరక్కముందే హీటరుని ఆపేస్తుంది. వైర్లు మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టడం ఫ్రీజర్లో నిలవదు, జిగురు వదిలేస్తుంది. క్రింప్ చేసి, పైన స్లీవ్ వేడి చేసి ముడిచి, అతుకు పైకి ఉండేలా కట్టండి, నీళ్ళు దాని మీదుగా జారకూడదు. స్లీవ్‌ని వేడి చెయ్యడానికి హెయిర్ డ్రయ్యర్ చాలు, లైటర్ వద్దు. సముద్రం పక్క ఊళ్ళలో కనెక్టర్ల రాగికి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. పార్టు మంచిదే అయినా కరెంటు అందకపోవడానికి ఒక్కోసారి అదే కారణం. గీకి శుభ్రం చెయ్యండి, మరీ తినేసి ఉంటే కనెక్టరే మార్చండి.

పలక మూసే ముందు డ్రెయిన్ చూడాలి. కాయిల్ కింద తొట్టి మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొట్టండి, మరిగే నీళ్ళు వద్దు. అర గ్లాసు పోస్తే వెనక ట్రేలోకి ఆ అర గ్లాసూ రావాలి. రాకపోతే వెనక గొట్టం కొసన ఉండే రబ్బరు మూతి విప్పి కడగండి. దుమ్ము, పాచి చేరేది అక్కడే. హీటరు నుంచి రంధ్రంలోకి చిన్న లోహపు పట్టీ వేలాడుతుంటే దాన్ని మళ్ళీ అలాగే దించండి. డ్రెయిన్‌లో ఐసు కట్టకుండా చూసేది అదే.

అయ్యిందా లేదా

పలక బిగించి, లోపల తుడిచి, ఫ్రిజ్‌ని రాత్రంతా నడవనివ్వండి. కాయిల్ బాగా చల్లబడకుండా పరీక్షిస్తే బైమెటల్ కలవదు, పార్టు మంచిది కాదేమోనని కంగారు పడతారు. మర్నాడు టైమరుని చేత్తో టక్కుమనే దాకా తిప్పి, సుయ్‌మనే చప్పుడు, ట్రేలో నీళ్ళు చూడండి. అరగంటలో కంప్రెసర్ దానంతటదే తిరిగి మొదలవ్వాలి. కొత్త టైమరు ఇరుసు మీద పెన్సిల్‌తో గీత పెట్టి, కంప్రెసర్ రెండు గంటలు నడిచాక గీత జరిగిందో లేదో చూస్తే మోటారు సంగతి కూడా తేలుతుంది. బోర్డు మోడళ్ళలో డీఫ్రాస్ట్‌ని కావాలని రప్పించే బొత్తాల వరస మోడల్‌కో రకం. అది తెలియకపోతే రెండు రోజులు ఆగి ట్రే చూడండి. తడి ఉంటే పని చేస్తున్నట్టే.

రెండు వారాల తర్వాత పలక మీద ఒక్క మూలే, అదీ తలుపు వైపు, మంచు కడుతుంటే అది డీఫ్రాస్ట్ కాదు, తలుపు రబ్బరు. కాగితం ముక్క తలుపుకి మధ్య పెట్టి మూసి లాగండి, బిగి లేకుండా జారిపోయిన చోట గాలి దూరుతోంది. రబ్బరుని సబ్బు నీళ్ళతో కడిగి, వేడి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఆ చోట అదిమితే చాలాసార్లు మళ్ళీ అతుక్కుంటుంది, లేకపోతే కొత్తది వెయ్యాలి. చేపల పులుసు గిన్నె వేడి మీదే, మూత లేకుండా లోపల పెట్టే ఇంట్లో మాత్రం ఏ రబ్బరు వేసినా ఆ ఆవిరంతా కాయిల్ మీదే తేలుతుంది. చల్లారనిచ్చి, మూత పెట్టి ఉంచండి.